పెడల్ పోయింది, క్లచ్ పోలేదు

(డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ కారు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళ కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఒక ప్రశ్న. మీరు నేర్చుకోబోయే కారులో కాళ్ళ దగ్గర ఎన్ని పెడళ్ళున్నాయి? రెండు. బ్రేకు, యాక్సిలరేటరు. అందరికీ తెలుసు. మరి క్లచ్‌లు, అంటే ఇంజనునీ గేరుబాక్సునీ కలిపి విడదీసే భాగాలు, ఎన్నున్నాయి? సున్నా అని ఎవరో అన్నారు. ఇటువైపు నుంచి ఒకటి అని వినిపించింది. రెండండీ. మామూలు గేరు కారులో ఉండేది ఒక్కటే క్లచ్. దీంట్లో రెండు. పెడల్‌ని తీసేశారు, క్లచ్‌ని మాత్రం ఒకటి పెంచారు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే. మీ కాలి కింద పెడల్ లేదు కాబట్టి క్లచ్‌తో మీకు పని లేదనుకోకండి. ఆ రెండు క్లచ్‌లనీ ఇంకా మీ కాలే నడుపుతోంది. నేరుగా కాదు, బ్రేకు ద్వారా, యాక్సిలరేటరు ద్వారా. ఎలాగో చూద్దాం.

ఆటోమేటిక్ అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. బయటికి ఒకేలా కనబడతాయి కూడా. అదే లివరు, అవే అక్షరాలు, పీ, ఆర్, ఎన్, డీ. పీ అంటే పార్కింగు, ఆర్ రివర్స్, ఎన్ న్యూట్రల్, డీ డ్రైవ్. లోపల మాత్రం సంబంధం లేదు. పాతకాలం నుంచి వస్తున్న ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అంటే మధ్యలో ఆయిల్ తిరుగుతూ శక్తిని అటు నుంచి ఇటు అందిస్తుంది. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టో చైనో తిరుగుతూ ఉంటుంది. ఏఎంటీ అంటే మామూలు గేరుబాక్సే, మనం చేతితో కాలితో చేసే పని దాంట్లో మోటార్లు చేస్తాయి. దాంట్లో క్లచ్ ఒకటే కాబట్టి గేరు మారినప్పుడల్లా కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ముందుకి తోసినట్టుంటుంది. డ్యూయల్ క్లచ్ కూడా వంశం చూస్తే మామూలు గేరుబాక్సుకి దగ్గరి చుట్టమే. పళ్ళచక్రాలు, షాఫ్టులు, గేరు పడేముందు వేగాలు కలిపే సింక్రోనైజర్లు అన్నీ ఉంటాయి. అందుకే టార్క్ కన్వర్టర్ కారు ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళు కూడా దీంట్లోకి వచ్చేసరికి మొదట్లో కొంచెం తికమక పడతారు. "ఆటోమేటికే కదా, నాకు తెలీదా" అనుకుని కూర్చుంటారు. తెలియాల్సింది ఉంది.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను, భయపడకండి, లెక్కల జోలికి పోను. ఒకదాని లోపల ఒకటి దూర్చిన రెండు షాఫ్టులున్నాయి. బయటిది గొట్టంలా బోలుగా ఉంటుంది, లోపలిది దాని గుండా వెళ్తుంది. ఒకటి, మూడు, ఐదు, ఏడు, అంటే బేసి గేర్లు ఒక షాఫ్టు మీద. రెండు, నాలుగు, ఆరు, సరి గేర్లు ఇంకో షాఫ్టు మీద. ఒక్కో షాఫ్టుకి ఒక్కో క్లచ్. రివర్స్ ఎటువైపు ఉంటుందనేది బాక్సుని బట్టి మారుతుంది. ఇప్పుడు మీరు మూడో గేరులో వెళ్తున్నారు. బేసి వైపు క్లచ్ పట్టుకుని ఉంది. అదే సమయంలో, మీకు తెలియకుండా, సరి వైపు నాలుగో గేరు అప్పటికే పడిపోయి సిద్ధంగా ఉంటుంది. దాని క్లచ్ ఒక్కటే వదిలి ఉంది. మారాల్సిన టైం వచ్చేసరికి ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది. అంతే.

మనం నడిచేది ఇలాగే కదా? ఒక కాలు నేల మీంచి లేచేలోపు రెండో కాలు ఆనుతుంది. మధ్యలో గాల్లో ఉండం. అందుకే నడకలో కుదుపుండదు. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. రెండు కాళ్ళు, ఒకటి బేసి, ఒకటి సరి.

ఇది కొత్త ఆలోచన అనుకుంటున్నారా? 1939 నాటిది. అడాల్ఫ్ కెగ్రెస్ అని ఒక ఫ్రెంచి ఇంజనీరు. ఈయన అంతకుముందు రష్యా చక్రవర్తి రెండో నికొలస్ గారేజీ చూసేవాడు. మంచులో చక్రవర్తి కార్లు కూరుకుపోకుండా వెనక చక్రాల బదులు పట్టాలు బిగించిన మనిషి. అలాంటివాడికే ఇలాంటి ఐడియా వస్తుంది మరి. సిట్రోయెన్ వాళ్ళ ట్రాక్సియోన్ అవాన్ కారు కోసం రెండు క్లచ్‌ల గేరుబాక్సు ఆలోచించాడు. కానీ ఉత్పత్తి దాకా రాలేదు. యుద్ధం వచ్చింది, 1943లో ఆయనా పోయాడు. తర్వాత 1980లలో పోర్షే రేసు కార్లలో, ఆడీ ర్యాలీ కార్లలో ఇది పరుగెత్తింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి వచ్చింది మాత్రం 2003లో, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32లో. ఆలోచనకీ రోడ్డుకీ మధ్య 60 ఏళ్ళు దాటిపోయాయి. ఎందుకంత ఆలస్యం? పళ్ళచక్రాలు కొయ్యడం అప్పుడూ వచ్చు. రెండు క్లచ్‌లని సరిగ్గా ఆ క్షణంలో, సరిగ్గా అంతే ఒత్తిడితో వదిలి పట్టుకునే బుర్ర లేదు. కంప్యూటర్లు చిన్నవై, చవకై, గేరుబాక్సు వేడిలో కూడా పనిచేసే దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ బుర్రని మెకట్రానిక్ యూనిట్ అంటారు. పేరు వదిలేయండి. దాని గురించి మీరు తెలుసుకోవాల్సింది ఒకటే. దానికి కళ్ళు లేవు. ముందున్న బస్సు కదిలిందో లేదో దానికి తెలీదు. సిగ్నల్ పడబోతోందని తెలీదు. మీరు పార్కింగులో ఒక జానెడు ముందుకి జరపాలనుకుంటున్నారో, హైవే ఎక్కి దూసుకుపోవాలనుకుంటున్నారో తెలీదు. మరి దానికేం తెలుసు? చక్రాల వేగం, ఇంజను వేగం, ఆపైన మీ పాదం. బ్రేకు ఎంత నొక్కారు, యాక్సిలరేటరు ఎంత నొక్కారు, ఎంత తొందరగా నొక్కారు. వీటిని బట్టి మీ మనసులో ఏముందో ఊహిస్తుంది. పాదం తేలుస్తూ, అనుమానంగా నొక్కితే దాని ఊహ కూడా అనుమానంగానే ఉంటుంది. మీరు ఖచ్చితంగా ఉంటే అదీ ఖచ్చితంగా ఉంటుంది.

మొదటి రోజు కాళ్ళ సంగతి

గేరు కారు నడిపి వచ్చినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మీకే ఎక్కువ జాగ్రత్త కావాలి, కొత్తవాళ్ళ కంటే. ఎందుకంటే మీ ఎడమ కాలికి అలవాటు ఉంది. కారు ఆపాలనుకోగానే అది క్లచ్ కోసం వెతుకుతుంది. క్లచ్ ఉండదు. దొరికేది వెడల్పాటి బ్రేకు పెడల్. క్లచ్‌ని అడుగుదాకా తొక్కే బలంతో దాన్ని తొక్కుతారు. కారు అక్కడికక్కడే ఆగిపోతుంది, పక్కన కూర్చున్నవాళ్ళ నుదురు డ్యాష్‌బోర్డు దాకా వెళ్తుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళతో మొదట చేయించేది ఇదే. ఎడమ పాదాన్ని పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టించి, దాన్ని అక్కడే మర్చిపోమంటాను. నవ్వొద్దు. మర్చిపోవడం కూడా సాధన చెయ్యాలి.

రెండు పెడళ్ళకీ కుడి కాలే. మడమ ఎక్కడుండాలి? బ్రేకుకి ఎదురుగా, నేల మీద. అక్కడి నుంచి మునివేళ్ళని కుడివైపు తిప్పితే యాక్సిలరేటరు అందాలి. మడమ యాక్సిలరేటరు ముందు పెట్టుకుని బ్రేకు కోసం కాలు మొత్తం ఎత్తుకొచ్చే అలవాటు మంచిది కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, క్లచ్ పెడల్ లేని కార్లలో అసలైన ప్రమాదం ఇక్కడే ఉంది. గేరు కారులో కంగారుపడి యాక్సిలరేటరు తొక్కినా ఎడమ కాలు క్లచ్ తొక్కేస్తే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. ఇక్కడ ఆ కాపలా లేదు. బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కితే కారు ముందుకి దూకుతుంది. భయంతో ఇంకా గట్టిగా తొక్కుతాం, ఇంకా దూకుతుంది. ఇది ఎక్కువగా ఎక్కడ జరుగుతుంది? హైవే మీద కాదు. పార్కింగులో, గోడ ముందు, నెమ్మదిగా జరుపుతున్నప్పుడు. కాబట్టి చిన్న జాగాల్లో, సమతలం మీద యాక్సిలరేటరు ముట్టుకోవద్దు. పాదం బ్రేకు మీదే. బ్రేకు వదిలితే కారు తనంతట తనే పాకుతుంది, నొక్కితే ఆగుతుంది. ఆ పాకుడు చాలు.

బయల్దేరేటప్పుడు వరుస ఇది. బ్రేకు నొక్కి ఇంజను స్టార్ట్ చెయ్యండి. బ్రేకు మీద కాలు ఉంచే లివరు డీలోకి తెండి. ఇప్పుడు ఆగండి. ఒక్క సెకను. బాక్సు లోపల గేరు పడుతుంది, కారుకి చిన్న కదలిక తెలుస్తుంది. అది తెలిశాక హ్యాండ్‌బ్రేక్ తీసి, బ్రేకు నెమ్మదిగా వదలండి. తొందరున్నవాళ్ళు లివరు లాగుతూనే యాక్సిలరేటరు నొక్కేస్తారు. గేరింకా పడలేదు, ఇంజను మాత్రం పైకి లేచింది, ఆపైన క్లచ్ వచ్చి పట్టుకుంటుంది. దబ్ మని శబ్దం. ఆ సెకను ఇవ్వండి. రివర్స్ నుంచి డీకి, డీ నుంచి రివర్స్‌కి మారేటప్పుడు కూడా ఇంతే. కారు పూర్తిగా ఆగాలి, తర్వాతే లివరు కదలాలి.

జారుతున్న క్లచ్

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బ్రేకు వదలగానే కారు పాకుతుందన్నాను. ఎందుకు పాకుతుంది? టార్క్ కన్వర్టర్ కారులో అయితే మధ్యలో ఆయిల్ తిరుగుతోంది కాబట్టి సహజంగానే నెడుతుంది. అరిగేదేం లేదు. డ్యూయల్ క్లచ్‌లో అలా కాదు. ఇక్కడ కంప్యూటరు మొదటి గేరు క్లచ్‌ని సగం పట్టీపట్టనట్టు పట్టుకుంటుంది. గేరు కారులో మీరు హాఫ్ క్లచ్ అంటారే, అచ్చం అదే. మీ ఎడమ కాలు చేసే పని అది చేస్తోంది. అంటే ఆ పాకుతున్నంతసేపూ క్లచ్ ప్లేటు రాసుకుంటోంది. రాపిడి ఉన్న చోట వేడి, వేడి ఉన్న చోట అరుగుదల.

మరి ఈ జారడం ఎప్పుడు ఆగుతుంది? మొదటి గేరులో ఐడిల్ మీద, అంటే యాక్సిలరేటరు నొక్కకుండా, ఇంజను తిరిగే వేగానికీ చక్రాల వేగానికీ లెక్క కుదిరినప్పుడు. కారుని బట్టి కొంచెం అటూ ఇటూ, గంటకి ఆరేడు కిలోమీటర్ల దగ్గర అనుకోండి. ఆ వేగం దాటాక క్లచ్ పూర్తిగా మూసుకుపోతుంది. దానికి కిందుగా నడిచినంతసేపూ జారుతూనే ఉంటుంది. దీన్ని కళ్ళతో చూడొచ్చు కూడా. బయల్దేరేటప్పుడు ఆర్పీఎం ముల్లు, అంటే ఇంజను వేగం చూపించే ముల్లు చూడండి. ముల్లు ఒక చోట నిలబడి ఉంది, కారు వేగం మాత్రం పెరుగుతోంది. అప్పుడు క్లచ్ జారుతోందని అర్థం. కాసేపటికి ముల్లూ వేగమూ కలిసి పెరగడం మొదలవుతుంది. అదిగో, క్లచ్ పట్టేసింది. ఖాళీ గ్రౌండులో ఒకసారి ఇది గమనిస్తే చాలు, తర్వాత చెవికే తెలిసిపోతుంది. నన్నడిగితే ఈ బండి నేర్చుకోవడంలో సగం పని ఇదే. మీటలు, మోడ్‌లు అన్నీ తర్వాత.

ఇప్పుడు ట్రాఫిక్. ముందు కారు ఒక అడుగు జరిగింది. మీరూ బ్రేకు కొంచెం వదిలారు, అడుగు జరిగారు, సగం నొక్కారు. మళ్ళీ ఒక అడుగు. ఇలా అరగంట. మీకు కాలు నొప్పి మాత్రమే. క్లచ్‌కి? ఆ అరగంటలో ఒక్కసారి కూడా పూర్తిగా పట్టుకునే అవకాశం రాలేదు. జారడం, జారడం, జారడం. అందులోనూ బ్రేకు సగం నొక్కి, కారు పాకీపాకకుండా పట్టుకోవడం ఉంది చూశారూ, అది మరీ అన్యాయం. ఒక పక్క క్లచ్ నెడుతోంది, ఇంకో పక్క మీరు ఆపుతున్నారు. నిజానికి బ్రేకు గట్టిగా నొక్కితే బాక్సుకి అర్థమవుతుంది, "ఓహో, ఆగుతున్నాడు" అని క్లచ్ పూర్తిగా వదిలేస్తుంది. అప్పుడు వేడి లేదు, అరుగుదల లేదు. కాబట్టి ఆగితే గట్టిగా నొక్కి ఆగండి.

మరి ఏం చెయ్యాలి? జాగా ఇవ్వండి. ముందు కారు జరిగిన ప్రతిసారీ జరగక్కర్లేదు. రెండు మూడు కార్ల జాగా ఏర్పడనివ్వండి, తర్వాత బ్రేకు పూర్తిగా వదిలి, అవసరమైతే యాక్సిలరేటరు కొంచెం తాకించి, క్లచ్ పట్టేదాకా వెళ్ళి, మళ్ళీ గట్టిగా ఆగండి. "ఆ జాగాలో ఇంకొకడు దూరతాడు కదా" అంటారు. దూరనివ్వండి. దూరినవాడు కూడా మీ ముందే ఆగాలి, ఎక్కడికీ ఎగిరిపోడు.

ఈ వేడి విషయంలో మీ కారులో ఏ రకం క్లచ్ ఉందో తెలుసుకుంటే మంచిది. రెండు రకాలున్నాయి. తడి క్లచ్, పొడి క్లచ్. తడి క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వేడిని ఆయిల్ పట్టుకుపోతుంది. 2003లో వచ్చిన ఆ గోల్ఫ్‌ది ఆరు గేర్ల తడి క్లచ్ బాక్సు. పొడి క్లచ్‌కి చుట్టూ గాలే తప్ప ఆయిల్ లేదు, గేరు కారు క్లచ్ లాగే. 2008లో ఫోక్స్‌వాగన్ వాళ్ళే చిన్న ఇంజన్ల కోసం ఏడు గేర్ల పొడి క్లచ్ బాక్సు తెచ్చారు. పొడిదానికి లాభం లేకపోలేదు, ఆయిల్‌ని తిప్పడానికి వృథా అయ్యే శక్తి మిగులుతుంది, కాబట్టి మైలేజీ కొంచెం బాగుంటుంది. కానీ నత్తనడక ట్రాఫిక్‌లో వేడి తొందరగా ఎక్కుతుంది. నా అభిప్రాయం అడిగితే, రోజూ ఇరుకు ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్ళకి పొడి క్లచ్ నేను సిఫారసు చెయ్యను. ఇప్పటికే కొనేశారా? అయితే ఇందాక చెప్పినట్టు జాగా ఇచ్చి నడపండి, ఏం కాదు.

ఎత్తు మీద ఆగినప్పుడు ఇంకా జాగ్రత్త. గేరు కారులో కొందరు నిపుణులు బ్రేకు ముట్టుకోకుండా హాఫ్ క్లచ్ మీద బండిని ఎత్తు మీద నిలబెట్టి గొప్ప చూపిస్తారు. ఇక్కడ అదే పని యాక్సిలరేటరు కొంచెం నొక్కి పట్టుకుంటే జరుగుతుంది. కారు ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ముచ్చటగా ఉంటుంది. లోపల మాత్రం ఇంజను బలమంతా వేడిగా మారి క్లచ్‌లోకి పోతోంది. కాసేపు అలాగే ఉంటే వాసన వస్తుంది, ఇంకా ఉంటే డ్యాష్‌బోర్డు మీద గేరుబాక్సు వేడెక్కిందని హెచ్చరిక వస్తుంది. ఎత్తు మీద బండిని నిలబెట్టాల్సింది బ్రేకు. ఎప్పుడూ బ్రేకే. ఆటో హోల్డ్ బటన్ ఉంటే ఆన్ చేసి పెట్టుకోండి, మీరు ఆగగానే బ్రేకు అదే పట్టుకుంటుంది, యాక్సిలరేటరు నొక్కితే అదే వదులుతుంది. అది లేకపోతే హిల్ హోల్డ్ అయినా ఉంటుంది చాలా కార్లలో. అది మీరు బ్రేకు వదిలాక ఒకటి రెండు సెకన్లు మాత్రమే పట్టుకుంటుంది. ఆ లోపల పాదం యాక్సిలరేటరు మీదికి రావాలి. "హిల్ హోల్డ్ ఉంది కదా" అని తీరిగ్గా పాదం మారిస్తే బండి వెనక్కి జారుతుంది. రెండూ లేకపోతే హ్యాండ్‌బ్రేక్ ఉంది కదా.

అన్నిటికంటే క్లచ్‌ని ఎక్కువ కష్టపెట్టేది ఏమిటో చెప్పనా? ఎత్తుకి రివర్స్‌లో ఎక్కుతూ, చిన్న జాగాలో పార్క్ చెయ్యడం. సెల్లార్ ర్యాంపులు గుర్తు తెచ్చుకోండి. అంగుళం ఎక్కడం, ఆపడం, అద్దం చూడటం, అంగుళం ఎక్కడం. అలా వద్దు. ఆగే చోట బ్రేకు నొక్కి బాగా చూసుకోండి, ఎంతసేపైనా చూసుకోండి, క్లచ్‌కి అప్పుడు విశ్రాంతే. చూసుకున్నాక ఒకే ఊపులో కదలండి. రెండు మూడు ప్రయత్నాల్లో కుదరకపోతే సమతలం మీదికి వచ్చి కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టండి.

రోడ్డెక్కాక

రోడ్డు మీద ఈ బాక్సు చాలా బాగుంటుంది, చెప్పడానికి పెద్దగా ఏం లేదు. గేర్లు మారుతున్నట్టే తెలియదు. ఒకటి రెండు సందర్భాల్లో మాత్రం మీకు చిరాకు తెప్పిస్తుంది. ఎందుకో తెలిస్తే చిరాకు తగ్గుతుంది.

మొదటిది ఓవర్‌టేక్. నాలుగో గేరులో హాయిగా వెళ్తున్నారు. బాక్సు ఏమనుకుంటోంది? "వేగం మెల్లగా పెరుగుతోంది, తర్వాత ఐదే" అనుకుని బేసి వైపు ఐదో గేరు సిద్ధం చేసి పెట్టింది. హఠాత్తుగా మీరు యాక్సిలరేటరు అడుగుదాకా తొక్కారు. ఇప్పుడు కావాల్సింది మూడు. పాపం, ఐదు తీసి మూడు వెయ్యాలి, ఆ తర్వాత క్లచ్ మారాలి. ఈ ఆలస్యమే మీకు తెలుస్తుంది. ఇంకా గట్టిగా తొక్కితే నాలుగు నుంచి రెండుకి రావాలి. నాలుగూ రెండూ ఎటువైపు? రెండూ సరి వైపే. ఇందాకటి నడక పోలిక. రెండు కాళ్ళతో నడవడం సులువే, ఒకే కాలితో కుంటాలంటే మధ్యలో గాల్లోకి లేవాల్సిందే. కాబట్టి బాక్సు మధ్యలో మూడుని తాకి పోతుంది, లేదా ఒక్క క్షణం శక్తి వదిలేస్తుంది. ఎదురుగా లారీ వస్తుంటే ఆ క్షణం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అప్పుడు టెన్షన్ పడి ఇంకా తొక్కినా లాభం లేదు, ఆల్రెడీ అడుగుకి తొక్కేశారు!

దీనికి మందు, ముందే చెప్పడం. ఓవర్‌టేక్ చెయ్యాలని నిర్ణయించుకున్నారా? పక్కకి తియ్యకముందే స్టీరింగు వెనక ఉన్న మైనస్ ప్యాడిల్ నొక్కి మూడులోకి తెచ్చుకోండి. ప్యాడిల్ లేకపోతే లివరుని ఎస్‌లోకి, అంటే స్పోర్ట్ మోడ్‌లోకి తెండి. ఎస్ మోడ్‌లో బాక్సు ఇంజనుని పైన తిప్పుతూ కింది గేరులో ఎక్కువసేపు ఉంటుంది. అప్పుడు పక్కకి తీస్తే కారు తాత్సారం చెయ్యదు. ముందు గేరు, తర్వాత స్టీరింగు, ఈ వరుస తప్పొద్దు.

రెండోది, ఆగీ ఆగని చోట్లు. కూడలికి వస్తున్నారు. వేగం తగ్గించారు, పది కిలోమీటర్లకి వచ్చింది. బాక్సు రెండులో ఉంది, "ఆగుతాడేమో" అని ఒకటి సిద్ధం చేసుకుంటోంది. అంతలో దారి ఖాళీ అయింది, మీరు యాక్సిలరేటరు నొక్కారు. రెండులోనే లాగాలా, ఒకటికి దిగాలా? దాని సందేహం మీకు కుదుపుగా తెలుస్తుంది. చాలామంది ఇదే చూసి గేరుబాక్సు పాడైందని మెకానిక్ దగ్గరికి పరుగెడతారు. కొంచెం ముందుగా వేగం తగ్గించి, దారి చూసుకుని, ఒక నిర్ణయానికి వచ్చి, యాక్సిలరేటరుని పొడిచినట్టు కాకుండా అదుముతూ నొక్కితే ఆ కుదుపు చాలావరకు పోతుంది. రౌండబౌట్ దగ్గరా ఇదే. అందులోనూ ఇంజను దానంతట అదే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే కార్లలో ఇంజను లేవడానికి కొంత, క్లచ్ పట్టడానికి కొంత టైం పోతుంది. చిన్న సందు చూసి దూరదామనుకునేవాళ్ళు ఆ ఆలస్యాన్ని లెక్కలో వేసుకోవాలి. అలవాటయ్యేదాకా ఆ స్టార్ట్ స్టాప్‌ని ఆపుకోండి, బటన్ ఉంటుంది.

ఘాట్ దిగేటప్పుడు మాన్యువల్ మోడ్. డీలో వదిలేస్తే కొన్ని బాక్సులు వాలుని గుర్తించి కింది గేరు వేస్తాయి, కొన్ని వెయ్యవు. మీరే రెండు, మూడు గేర్లలో పెట్టి ఇంజనుతో వేగం అదుపు చేసుకోండి. బ్రేకులు చల్లగా ఉంటాయి. దిగేటప్పుడు మీ క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉంటుంది, దానికేం శ్రమ లేదు. న్యూట్రల్‌లో వేసి దిగితే పెట్రోలు మిగులుతుందనేవాళ్ళు ఇంకా ఉన్నారు. మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు పోయడం ఆపేస్తాయి, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఐడిల్ మీద తిరగడానికి పెట్రోలు కావాలి. పైగా ఇంజను బ్రేకింగు పోతుంది.

ఇక ప్రశ్నలు. రాసి పంపినవి నా దగ్గర కొన్ని ఉన్నాయి.

"సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో వెయ్యాలా?" అక్కర్లేదు. బ్రేకు గట్టిగా నొక్కి ఉంటే క్లచ్ ఎలాగూ వదిలి ఉంటుంది. అస్తమానం లివరు డీకి, ఎన్‌కి తిప్పడం వల్ల ఒరిగేదేం లేదు. చాలాసేపు ఆగాల్సి వస్తే, రైల్వే గేటు లాంటి చోట, పీలో వేసి కాలు తీసి కూర్చోండి.

"పీలో వేస్తే చాలు కదా, హ్యాండ్‌బ్రేక్ ఎందుకు?" మంచి ప్రశ్న. పీ అంటే బాక్సు లోపల ఒక చిన్న ఇనప కొక్కెం పళ్ళచక్రంలో పడి ఆపుతుంది. వాలులో పీ వేసి బ్రేకు వదిలేస్తే కారు బరువంతా ఆ కొక్కెం మీద పడుతుంది. మళ్ళీ తీసేటప్పుడు లివరు బిగుసుకుని ఠక్కున వస్తుంది. అందుకే ముందు బ్రేకు నొక్కి ఉంచి హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి, ఎన్‌లోకి తెచ్చి బ్రేకు కొంచెం వదిలితే బరువు హ్యాండ్‌బ్రేక్ మీదికి దిగుతుంది. తర్వాత మళ్ళీ బ్రేకు నొక్కి పీ వెయ్యండి. రెండు క్షణాల పని.

"దీని మీద నేర్చుకుంటే తర్వాత గేరు కారు నడపగలమా?" నడపగలరు, కానీ మళ్ళీ నేర్చుకోవాలి. లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. బ్రిటన్‌లో లాగా కొన్ని చోట్ల ఆటోమేటిక్ మీద టెస్టు పాసైతే ఆటోమేటిక్‌కే అనుమతి. గేరు కారు కావాలంటే దాని మీద మళ్ళీ టెస్టు ఇవ్వాలి.

"ఆయిల్ మార్చాలా?" తడి క్లచ్‌కి తప్పకుండా. ఇందాక చెప్పిన ఆరు గేర్ల బాక్సుకి 60,000 కిలోమీటర్లకి ఒకసారి అని తయారీదారు లెక్క. మీ బాక్సుకి ఎంతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. "జీవితాంతం మార్చక్కర్లేదు" అని ఎవరో చెప్పారని వదిలేయకండి, పుస్తకం చూడండి. క్లచ్ ప్లేట్లు అరిగి రాలిన పొడి అంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది మరి.

చివరిది, "హెచ్చరిక లైటు వస్తే ఏం చెయ్యాలి?" గేరుబాక్సు వేడి అని వస్తే కంగారు పడొద్దు, మొండిగా ముందుకీ పోవద్దు. పక్కన, వీలైతే సమతలం మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి పీలో పెట్టండి. ఇంజను ఆన్‌లో ఉంచాలా, ఆపాలా అనేది మీ పుస్తకంలో రాసి ఉంటుంది, ఇవాళ ఇంటికెళ్ళి ఆ పేజీ చూసిపెట్టుకోండి, రోడ్డు మీద వెతుక్కోవద్దు. చల్లారాక లైటు పోతుంది. పోయాక మెల్లగా బయల్దేరండి. లైటు పోకపోయినా, చల్లారాక కూడా బయల్దేరేటప్పుడు వణుకుతున్నా సర్వీసుకి చూపించాల్సిందే. కొన్నిసార్లు క్లచ్ ఎక్కడ పట్టుకోవాలో బాక్సుకి మళ్ళీ నేర్పిస్తే సరిపోతుంది, అది వర్క్‌షాపులో కంప్యూటరు తగిలించి చేస్తారు. కొన్నిసార్లు ప్లేట్లే మార్చాలి. చూపించేటప్పుడు "ఏదో కుదుపు" అని ఊరుకోకండి. ఏ గేరులో, ఎంత వేగంలో, వేడిగా ఉన్నప్పుడా, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, ఇవన్నీ గుర్తు పెట్టుకుని చెప్పండి. వాళ్ళకి సగం పని తగ్గుతుంది.

సరే, గ్రౌండులో కోన్లు పెట్టి ఉంచారు. గేరు కారు నుంచి వచ్చినవాళ్ళు ముందు రండి, మీ ఎడమ కాళ్ళతో మొదలుపెడదాం.